డీగ్ కోట మీద జెండా

ఢిల్లీలో తెల్లవారుజామున బయలుదేరి మథుర, గోవర్ధనం మీదుగా వెళితే మధ్యాహ్న భోజనవేళకు డీగ్ చేరవచ్చు. నాలుగు గంటల దారి. ఆ చిన్న పట్టణపు ధాన్యం మండీలో 1985 ఫిబ్రవరి 21న జరిగినవి హత్యలేనని న్యాయస్థానం నిర్ధారించడానికి మాత్రం 35 సంవత్సరాలు పట్టింది. పర్యాటక శాఖవారి కరపత్రాలలో డీగ్ అంటే జలమహళ్లు, ఫౌంటెన్లు, రెండు చెరువుల నడుమ తోటలు. దేశ రాజకీయాలను గమనించేవారికి డీగ్ అంటే ఆ మండీ. ఒకదానిని చూడవచ్చినవారు రెండవదానిని చూడకుండా వెళ్లిపోవడం మామూలు.

పార్లమెంటు సమావేశాలు లేని వారం చూసుకుని ఇటీవల అక్కడికి వెళ్లాను. మా తరంలో ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవారికి సరస్సు ఒడ్డున కోట అనగానే బైరన్ కవి, స్విట్జర్లండులోని షిలాన్ దుర్గం, దాని నేలమాళిగలో సంకెళ్లతో తిరిగిన ఖైదీ గుర్తుకు వస్తారు. జెనీవా సరస్సును చూసే భాగ్యం మనలో ఎందరికి పట్టింది గనుక! ఢిల్లీకి ఇంత దగ్గరలో, మనదైన సరస్తీర దుర్గం ఒకటి ఉన్నదనీ, దానికీ స్వేచ్ఛకు సంబంధించిన కథ ఒకటి ఉన్నదనీ మన పాఠ్యపుస్తకాలు చెప్పలేదు.

డీగ్ జాట్ రాజుల తొలి రాజధాని. 18వ శతాబ్దిలో మొగలు సామ్రాజ్యం కూలుతున్న రోజులలో బదన్ సింగ్ ఇక్కడ స్థిరపడ్డాడు. ఆయన కుమారుడు సూరజ్ మల్ కోట కట్టించి, దానికి వెడల్పాటి కందకం తవ్వించి, పడమరగా మహళ్లు నిర్మింపజేశాడు. మహళ్లకు ఒకవైపు గోపాల్ సాగర్, మరొకవైపు రూప్ సాగర్. రూప్ సాగర్ అవతల కోట. రాజధాని తరువాత భరత్‌పూర్‌కు తరలిపోయినా, వేసవి విడిదిగా డీగ్ మిగిలింది.

ఈ కోట కేవలం అలంకారానికి కట్టినది కాదు. 1804 నవంబరు 13న యశ్వంతరావు హోల్కరు సేనలకూ, ఇంగ్లీషువారికీ దీని గోడల కింద యుద్ధం జరిగింది. కోట మీది ఫిరంగులు ఇంగ్లీషు సేన మీదనే పేలాయి. ఆ సేనకు నాయకుడైన జనరల్ ఫ్రేజరు ఆనాడు తగిలిన గాయంతోనే మరణించాడు. డిసెంబరులో ప్రధాన సేనాని జనరల్ లేక్ స్వయంగా వచ్చి ముట్టడించి డీగ్‌ను పట్టుకున్నాడు. లేక్ అంటే ఇంగ్లీషులో సరస్సు. రెండు సరస్సుల మధ్య కోటను ఆ పేరు గలవాడే పట్టుకోవడం చరిత్ర విసిరిన చిన్న చమత్కారం కాబోలు. అయితే అదే లేక్ ఆ మరుసటి నెలలో భరత్‌పూర్ మట్టిగోడల ముందు నాలుగుసార్లు దాడి చేసి, నాలుగుసార్లూ ఓడి, చివరకు 1805 ఏప్రిల్‌లో సంధి చేసుకోవలసి వచ్చింది. జాట్ సీమలో ఈ సంగతి నేటికీ నిన్న మొన్న జరిగినట్టే చెప్పుకుంటారు. తర్వాతి కథ అర్థం కావాలంటే ఈ అభిమానం ఎంత గాఢమైనదో పాఠకులు గుర్తుంచుకోవాలి.

మహళ్లలో ముఖ్యమైనది గోపాల్ భవన్. తోట వైపు నుంచి చూస్తే హుందాగా నిలబడిన మామూలు రాజభవనం. చెరువు వైపు నుంచి చూస్తే నీటిలోంచే లేచినట్టుంటుంది. ఇరుపక్కలా సావన్, భాదోం అనే రెండు మండపాలు, అంటే శ్రావణ భాద్రపదాలు. వాటి పైకప్పులు బోర్లించిన పడవల్లా ఉంటాయి. లోపల పాత సోఫాలు, పంకాలు, పూర్వపు దొరల అభిరుచికి తగిన సామగ్రి. గుర్రపు లాడం ఆకారంలో, నేలకు కొంచెం ఎత్తుగా ఉన్న రాతి భోజనపు బల్ల ఒకటి ఉంది. రాజుగారూ పరివారమూ దాని చుట్టూ నేల మీదనే కూర్చుని భోంచేసేవారట. భవనం ముందు పాలరాతి ఉయ్యాల స్తంభాలు. అవి సూరజ్ మల్ మొగలుల నుంచి విజయ చిహ్నంగా తెచ్చుకున్నవని చెబుతారు. 1761లో ఆయన ఆగ్రా కోటనే స్వాధీనం చేసుకున్నాడు గనుక ఆ మాట నమ్మశక్యం కానిదేమీ కాదు. ఇతరుల రాజభవనాలను దోచి తమ రాజభవనాలను అలంకరించుకోవడం ఆ కాలపు రాజనీతి. ఆ దోపిడీని నేడు మనం వారసత్వ సంపద అంటున్నాము.

నన్ను అన్నిటికంటె ఎక్కువసేపు నిలబెట్టినది కేశవ్ భవన్. రూప్ సాగర్ పక్కన నాలుగువైపులా తెరిచి ఉన్న మండపం. దాని లోపల చుట్టూ కాలువ, కాలువ పొడుగునా ఫౌంటెన్లు. పైకప్పులో రాతిగుండ్లు పెట్టారు. నీటి ఒత్తిడికి ఆ గుండ్లు దొర్లితే ఉరుము శబ్దం వచ్చేది. చుట్టూ జల్లు, నెత్తిన ఉరుము! మండువేసవిలో, ఊరంతా నీటిచుక్కకు మొగంవాచి ఉన్న వేళ, రాజుగారు తనకోసం ఒక వర్షకాలాన్ని తయారుచేయించుకున్నాడన్నమాట.

ఈ నీళ్లన్నీ ఎక్కడివి? మహళ్ల మధ్య ఎత్తుగా కట్టిన పెద్ద జలాశయం ఒకటి ఉన్నది. దాని గోడలలో వరుసగా రంధ్రాలు. ఒక్కొక్క రంధ్రానికి ఒక్కొక్క గొట్టం, అది వెళ్లి కలిసే ఫౌంటెన్ వేరు. బావులలోంచి ఎడ్లచేత తోలు బానలతో నీళ్లు తోడించి ఆ తొట్టెను నింపడానికి రోజుల తరబడి పట్టేది. ఖాళీ కావడానికి కొన్ని గంటలు చాలు. పండుగ వేళల్లో రంధ్రాలలో రంగుల మూటలు పెట్టి వదిలితే తోటలో రంగురంగుల జల్లులు లేచేవి. యంత్రాలు లేని కాలంలో ఇంత పనితనం చూపిన శిల్పులకు చేతులు జోడించవలసిందే. అయితే ఆ ఎడ్లను తోలినవారు కేశవ్ భవన్‌లో కూర్చుని ఆ ఉరుము విన్నారా అన్న ప్రశ్న అక్కడ నిలబడ్డ మనిషికి రాకమానదు.

మన రాజ్యాంగమూ ఆ ప్రశ్నే వేసింది. దానికి జవాబు చెప్పడానికి మాత్రం చాలా కాలం తీసుకున్నది. 1948 మార్చిలో భరత్‌పూర్, అల్వార్, ధోల్‌పూర్, కరౌలీ సంస్థానాలు కలిసి మత్స్య యూనియన్‌గా ఏర్పడ్డాయి. మరుసటి సంవత్సరం రాజస్థాన్‌లో విలీనమయ్యాయి. రాజులకు రాజభరణాలు, బిరుదులు, కొన్ని ప్రత్యేక హక్కులు రాజ్యాంగంలోనే హామీ ఇచ్చారు. వాటిని తొలగించే బిల్లు 1970 సెప్టెంబరులో లోక్‌సభలో నెగ్గి రాజ్యసభకు వచ్చినప్పుడు అనుకూలంగా 149, వ్యతిరేకంగా 75 ఓట్లు వచ్చాయి. మూడింట రెండు వంతులకు ఓటులో మూడోవంతు తక్కువ! మనిషిని మూడు ముక్కలు చేయడం వీలుకాదు గనుక బిల్లు వీగిపోయింది. మరునాడే రాష్ట్రపతి, మన తెలుగువారైన శ్రీ వి.వి. గిరి, రాజుల గుర్తింపును రద్దుచేస్తూ ఉత్తర్వుపై సంతకం చేశారు. డిసెంబరులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఆ మాసాంతంలోనే శ్రీమతి ఇందిరాగాంధీ లోక్‌సభను రద్దు చేయించి ప్రజల వద్దకు వెళ్లారు. 1971 ఎన్నికలలో అఖండ విజయం సాధించి, ఆ సంవత్సరాంతంలో 26వ సవరణ ద్వారా పని పూర్తిచేశారు.

అది సరైన పనే. కేశవ్ భవన్ పైకప్పు చూసినవారెవరూ రాజభరణాల కోసం కన్నీరు కార్చనవసరం లేదు. కాని రాజుల అధికారం పోవడం ఒక సంగతి, ఆ అధికారపు అలవాట్లు పోవడం మరొక సంగతి. ఆ అలవాట్లు కోటలలోనే ఉండిపోతాయనుకోవడం పొరపాటని డీగ్ నిరూపించింది.

భరత్‌పూర్ చివరి మహారాజు బ్రిజేంద్ర సింగ్ తమ్ముడు రాజా మాన్‌సింగ్. ఇంగ్లండులో ఇంజనీరింగు చదివారు. అన్నగారికి సింహాసనం దక్కితే తమ్ముడు ఓటరును ఆశ్రయించారు. 1952 నుంచి ఈ ప్రాంతం నుంచి ఏడుసార్లు ఇండిపెండెంటుగా శాసనసభకు ఎన్నికయ్యారు. 1977లో జనతా గాలి వీచినా, 1980లో ఇందిరా గాలి వీచినా ఆయన స్థానం చెక్కుచెదరలేదు. పార్టీ లేదు, ప్రణాళిక లేదు. ఉన్నదల్లా పాత సంస్థానపు జెండా, ఇంటింటితో పరిచయం. దీనిని ప్రజాస్వామ్యమనాలో, ప్రజల ఓటుతో నడిచే రాచరికమనాలో తేల్చుకోవడం కష్టం. మన గద్వాల, వనపర్తి సంస్థానాల రాజకీయాలు ఎరిగినవారికి ఈ సందిగ్ధత కొత్త కాదు.

1985 ఫిబ్రవరిలో రాజస్థాన్ శాసనసభకు ఎన్నికలు జరుగుతున్నాయి. అంతకు రెండు నెలల ముందే శ్రీ రాజీవ్‌గాంధీ లోక్‌సభలో 400కు పైగా స్థానాలు గెలిచి ఉన్నారు. కాంగ్రెసుకు ఎదురులేని రోజులు. డీగ్‌లో మాన్‌సింగ్ మీద ఒక విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారిని ఆ పార్టీ నిలబెట్టింది. ఫిబ్రవరి 20న ముఖ్యమంత్రి శివచరణ్ మాథుర్ ప్రచార సభకు హెలికాప్టరులో వచ్చారు. అంతకు ముందు కోట మీద ఉన్న రాజావారి జెండాను కాంగ్రెసు కార్యకర్తలు పీకివేశారన్నది ఆయన వర్గం ఆరోపణ. ఆ కోపంలో మాన్‌సింగ్ తన జీపు ఎక్కి నేరుగా సభాస్థలికి వెళ్లి వేదికను గుద్ది కూల్చారు. అక్కడి నుంచి హెలికాప్టరు నిలిపిన చోటికి వెళ్లి దానినీ జీపుతో ఢీకొట్టారు. ముఖ్యమంత్రి రోడ్డుమార్గాన తిరిగి వెళ్లవలసి వచ్చింది.

ఇది నేరం. ఏడుసార్లు శాసనసభ్యుడైన 64 ఏళ్ల వ్యక్తి చేయదగిన పని కానే కాదు. జెండాకు అవమానం జరిగితే పోలీసు స్టేషనున్నది, ఎన్నికల సంఘమున్నది, కొద్ది రోజులలో పోలింగ్ పెట్టె ఉన్నది. ఇవన్నీ వదిలి సొంత చేతులతో శిక్ష విధించడానికి బయలుదేరడం సూరజ్ మల్ కాలపు పద్ధతి. మాన్‌సింగ్‌ను అరెస్టు చేసి, ఆస్తి ధ్వంసం కేసు పెట్టి, మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు. ఎన్నికలలో బహుశా ఆయనకు పది ఓట్లు పెరిగేవి, లేదా తగ్గేవి. కథ అక్కడితో ముగిసేది.

మరునాడు డీగ్‌లో కర్ఫ్యూ. మాన్‌సింగ్ అనుచరులతో జీపులో బయలుదేరారు. పోలీసులకు లొంగిపోవడానికే వెళ్తున్నారని ఆయన కుటుంబం అన్నది. ధాన్యం మండీ వద్ద ఒక డిప్యూటీ సూపరింటెండెంటు నాయకత్వాన పోలీసు బలగం అడ్డగించింది. కాల్పులలో మాన్‌సింగ్, ఆయన వెంట ఉన్న సుమేర్ సింగ్, హరి సింగ్ మరణించారు. ఆత్మరక్షణకే కాల్చామని పోలీసులు చెప్పారు. జాట్ ప్రాంతమంతటా అగ్గి రాజుకున్నది. రెండు రోజులలో ముఖ్యమంత్రి రాజీనామా చేయవలసి వచ్చింది. పోలింగ్ జరిగినప్పుడు మాన్‌సింగ్ కుమార్తె కృష్ణేంద్ర కౌర్ దీపా ఇండిపెండెంటుగా డీగ్ నుంచి గెలిచారు. రాష్ట్రంలో మాత్రం 200 స్థానాలలో 113 కాంగ్రెసుకే వచ్చాయి.

ఇక్కడ ఆలోచించవలసిన విషయమొకటున్నది. జెండా పీకితే వేదిక కూల్చాలనుకున్నవాడిది రాచరికపు మనస్తత్వమే. మరి ముఖ్యమంత్రి హెలికాప్టరు మీద చేయిచేసుకున్నవాడు మరునాటికి ప్రాణాలతో లేకపోతే, అది ఏ మనస్తత్వం? రాజద్రోహికి మరణశిక్ష అన్న పాత సూత్రం డీగ్ మండీలో ఖాకీ దుస్తులు వేసుకుని ప్రత్యక్షమయింది. బిరుదులు రద్దుచేసిన పార్టీ ప్రభుత్వపు ఏలుబడిలోనే ఇది జరగడం మరీ విడ్డూరం. రాజ్యాంగపు 21వ అధికరణం ప్రాణానికి ఇచ్చిన రక్షణ మాజీ రాజకుటుంబీకులకు వర్తించదని 26వ సవరణలో ఎక్కడా రాయలేదు.

కేసు సి.బి.ఐ.కి వెళ్లింది. అదే సంవత్సరం 18 మంది పోలీసుల మీద అభియోగపత్రం దాఖలయింది. రాజస్థాన్‌లో విచారణ సక్రమంగా సాగదన్న వాదన మీద సుప్రీంకోర్టు దానిని ఉత్తరప్రదేశ్‌లోని మథురకు మార్పించింది. ఇక వాయిదాలు మొదలయ్యాయి. న్యాయమూర్తులు మారారు. సాక్షులు ముసలివారయ్యారు. నిందితులు పదవీ విరమణ చేశారు, కొందరు చనిపోయారు. 1,700కు పైగా వాయిదాలు పడ్డాయంటారు. ఈ మధ్యకాలంలో దేశానికి ఎనిమిది మంది కొత్త ప్రధానమంత్రులు వచ్చారు. 2020 జూలైలో, కరోనా భయంతో కోర్టులు సగం మూతపడిన రోజులలో, మథుర జిల్లా న్యాయస్థానం 11 మందిని దోషులుగా నిర్ధారించి యావజ్జీవ శిక్ష విధించింది. ముగ్గురిని విడిచిపెట్టింది. దోషులలో 80 ఏళ్లు దాటినవారున్నారు.

అభియోగపత్రంలో ఉన్నవారంతా పోలీసులే. ఆదేశం పైనుంచి వచ్చిందా, రాకుండానే కింది అధికారులు యజమాని మనసు తెలుసుకుని ప్రవర్తించారా అన్నది ఆ కేసు తేల్చిన విషయం కాదు. మాథుర్ మీద అభియోగం లేదు. ఆయన 1988 జనవరిలో తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. అంటే రాజీనామా చేసి మూడేళ్లు నిండకుండానే. అటుపిమ్మట అస్సాం గవర్నరుగా ఉంటూ 2009లో మరణించారు. తీర్పు వినడానికి ఆయన లేరు.

తెలుగు పాఠకులకు ‘ఎన్‌కౌంటర్’ అన్న మాటకు అర్థం చెప్పనక్కరలేదు. శ్రీకాకుళం రోజులనుంచి ఆ మాట మన పత్రికలలో నలిగి నలిగి దాదాపు తెలుగుమాటే అయిపోయింది. అత్యవసర పరిస్థితి ముగిశాక తార్కుండే కమిటీ మన రాష్ట్రపు ఎన్‌కౌంటర్లను పరిశీలించింది. భార్గవ కమిషన్ విచారణ మొదలై, పూర్తికాకుండానే ఆగిపోయింది. డీగ్ కేసులో తీర్పు రావడానికి ఏడు నెలల ముందు, 2019 డిసెంబరు 6న, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులను పోలీసులు కాల్చివేసినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. వారి మీదున్న ఆరోపణ అతి ఘోరమైనది, ప్రజాగ్రహం సహజమైనది. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ మాత్రం ఆ కాల్పులు చంపే ఉద్దేశంతోనే జరిపారని 2022లో వెల్లడైన నివేదికలో తేల్చింది. పూలు చల్లినవారిని ఎవరూ ఏమీ అడగలేదు.

డీగ్‌లో చనిపోయినది అనామకుడు కాదు. రాజవంశీకుడు, ఏడుసార్లు శాసనసభ్యుడు. వెనుక ఒక బలమైన కులం ఉన్నది. కుమార్తె శాసనసభకు, 1991లో భరత్‌పూర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ తరువాత రాష్ట్ర మంత్రి అయ్యారు. ఆమె చేతికి వచ్చిన శాఖలలో పర్యాటకం ఒకటి. ఇంత బలగం ఉన్న కుటుంబానికే న్యాయం 35 ఏళ్లు దూరంగా ఉండిపోతే, అడవి అంచు గూడెంలోనో, నగర శివారు బస్తీలోనో బిడ్డను పోగొట్టుకున్నవారు ఏ కోర్టు మెట్లు, ఎన్నేళ్లు ఎక్కాలి? పార్లమెంటులో పోలీసు సంస్కరణల ప్రస్తావన వచ్చినప్పుడు సభ్యులు ఒకరి ప్రభుత్వపు కాల్పులను మరొకరు లెక్కపెట్టుకుంటారు. లెక్కలు సరిపోగానే చర్చ ముగుస్తుంది. నేను గ్యాలరీలో కూర్చుని ఈ లెక్కలు విన్న సందర్భాలు చాలా ఉన్నాయి.

2023లో డీగ్ ప్రత్యేక జిల్లా అయింది. మరుసటి ఏడాది కొత్త ప్రభుత్వం అలా ఏర్పడ్డ జిల్లాలలో తొమ్మిదింటిని రద్దుచేసినా దీనిని ఉంచింది. గోపాల్ భవన్, కేశవ్ భవన్ పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్నాయి. ఫౌంటెన్లు ఇప్పుడు సంవత్సరంలో ఒకటి రెండు ఉత్సవ సమయాలలో మాత్రమే ఆడతాయి. ఆనాడు ఊరి జనమంతా టిక్కెట్టు కొని లోపలికి వచ్చి చూస్తారు. ఇందులో మాత్రం ప్రజాస్వామ్యం తన మాట నిలబెట్టుకున్నది. కేశవ్ భవన్ గుండ్లు ఉరమడం ఎప్పుడో మానివేశాయి. కోట గోడల మీద పిచ్చిమొక్కలు మొలిచాయి, కందకం పొడుగునా తుంగ. మండీలో సీజను వస్తే ఆవాల బస్తాల మీద బేరసారాలు సాగుతాయి. జీపు ఆగిన చోటు ఏదని అడిగితే చూపించేవారు ఇంకా ఉన్నారు.